తిట్టని కోచ్

"మా ఇంట్లో మన టీమ్ వాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు" అన్నాడు మా సూపర్‌వైజర్. గొంతు పెంచలేదు, అలాగని నవ్వనూ లేదు.

2021 డిసెంబర్ 12, ఆదివారం. కెనడా ఫుట్‌బాల్ లీగ్ కప్పు, గ్రే కప్ ఫైనల్ చూడ్డానికి గోడౌన్‌లో పనిచేసేవాళ్ళం అందరం వాళ్ళ బేస్‌మెంట్‌లో చేరాం. మూడో క్వార్టర్ అయ్యేసరికి మా విన్నిపెగ్ బ్లూ బాంబర్స్ 10, హామిల్టన్ 22. బంతి విసిరి ఆట నడిపే మా క్వార్టర్‌బ్యాక్ జాక్ కొలారోస్ విసిరింది అవతలివాళ్ళ చేతిలో పడితే, "వీణ్ణి తీసి పక్కన కూర్చోబెట్టాలి" అన్నాను. అంతే. మన వైపు అదసలు తిట్టే కాదు. బ్యాట్స్‌మన్ డకౌటైతే తాతయ్య దగ్గర్నుంచి చంటోడి దాకా తలో మాటా అంటారు.

ఇది చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్. పది గజాలు ముందుకెళ్ళడానికి అమెరికాలో నాలుగు అవకాశాలిస్తే ఇక్కడ మూడే, అందుకే ఆట ఎప్పుడు తిరగబడుతుందో తెలీదు. ఆ రోజూ అలాగే తిరగబడింది. నాలుగో క్వార్టర్‌లో మన డెమ్‌స్కీ బంతిని అవతలివాళ్ళ చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు, మనవాళ్ళు 25-22తో ముందుకొచ్చారు, చివరి క్షణాల్లో హామిల్టన్ కిక్ కొట్టి సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో డార్విన్ ఆడమ్స్ టచ్‌డౌన్, ఆపైన రెండు పాయింట్లు. హామిల్టన్ వంతు వచ్చినప్పుడు బంతి మనవాళ్ళ చేతులకు తగిలి గాల్లోకి లేచి కైరీ విల్సన్‌కు చిక్కింది. 33-25. ఉత్తమ ఆటగాడి బహుమతి కొలారోస్‌కే. సూపర్‌వైజర్ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

తర్వాత తెలిసింది, ఈ మర్యాద కోచ్ మైక్ ఓషే దగ్గర్నుంచి వచ్చిందని. గడ్డకట్టే చలిలోనూ షార్ట్స్ వేసుకుని నిలబడే మనిషి. 2013 చివర్లో వచ్చాడు. మొదటి ఏడాది ఏడు గెలుపులు, రెండో ఏడాది అయిదు, మూడో ఏడాది మొదటి అయిదు ఆటల్లో ఒక్కటి. మన దగ్గరైతే ఈపాటికి దిష్టిబొమ్మలు తగలబడేవి. యాజమాన్యం కదల్లేదు, ఆ ఏడాదే టీమ్ 11 గెలుపులు, 7 ఓటములతో గట్టెక్కింది. డిఫెన్స్ చూసే రిచీ హాల్‌ను పంపించెయ్యమని అభిమానులు గోల చేసినా ఓషే పంపలేదు. 2016 ప్లేఆఫ్‌లో 61 గజాల కిక్ కొట్టించి, అది గురి తప్పి, ఒక్క పాయింట్‌తో ఓడినప్పుడూ నెపం కిక్కర్ మీదకు నెట్టలేదు. 1990 తర్వాత మళ్ళీ కప్పు రావడానికి 2019 దాకా పట్టింది.

బాగుంది, కాదనను. కానీ నాకో అనుమానం. ఇంత ఓపిక మనకెందుకు లేదంటే, మనం చెడ్డవాళ్ళమనా? తెనాలిలో మా బాబాయి కొట్లో ఒకాయన పనిచేసేవాడు. బాబాయి ఆయన్ని తిట్టని రోజు లేదు. బస్తా దించితే తిట్టు, దించకపోతే తిట్టు. ఆయన కూతురి పెళ్ళికి మాత్రం వంటవాళ్ళను మాట్లాడింది, రాత్రంతా పందిట్లో నిలబడింది బాబాయే. ఆ మనిషి ఆ కొట్లోనే ముసలివాడయ్యాడు. ఇక్కడ నా మీద ఇంతవరకూ ఎవరూ అరవలేదు. ఒక శుక్రవారం సాయంత్రం మాత్రం, షిఫ్ట్ అయ్యాక, కొందరిని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, మీ సేవలకు ధన్యవాదాలంటూ కవరు చేతిలో పెట్టారు. వాళ్ళలో పంజాబీ కుర్రాడొకడు లాకర్ తాళం ఎవరికివ్వాలో తెలీక నన్ను అడిగాడు.

ఓషే అలాంటివాడు కాడనే నమ్మకం. తిట్టడు, తీసెయ్యడు కూడా. అదే నన్ను ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే రెండూ కలిసిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

అయితే 2021 కప్పు గెలిచిన రెండు నెలలకే, ఈ ఊళ్ళోనే పుట్టిపెరిగిన మన టీమ్ ఆటగాడు ఆండ్రూ హ్యారిస్ టొరంటోకి వెళ్ళిపోయాడు. ఇక్కడ కొత్త ఒప్పందం కుదరలేదు. 2022 ఫైనల్‌లో అదే టొరంటో మనల్ని 24-23తో ఓడించింది. సోమవారం లంచ్‌రూమ్‌లో సూపర్‌వైజర్‌ని అడిగాను, "మన ఊరివాణ్ణి అలా ఎందుకు వదిలేశారు?" అని. "బిజినెస్" అని భుజాలు ఎగరేసి శాండ్‌విచ్ విప్పుకున్నాడు. మా బాబాయి దగ్గర ఆ జవాబు చెల్లదు.