బుజ్జిగాడి చెవి మీద ఒక్క చుక్క

ఈ మధ్యాహ్నం మా పిల్లి బుజ్జిగాడి షుగర్ 146! పొద్దున ఇన్సులిన్ ఇచ్చిన 6 గంటలకు చూశాను. అమలాపురంలో మా ఇంటి వసారాలో, వాడి చెవిని అరచేతిలో పెట్టుకుని వెచ్చబరిచి, వెనక దూది ఆనించి, అంచున సన్నని నరం పక్కన గుచ్చాను. ఆవగింజంత చుక్క. అది చాలు.

మొదటి వారం నా చేతులు వణికేవి, వాడు మంచం కిందకి దూరేవాడు. ఆసుపత్రిలో చూస్తే ఎప్పుడూ 300 పైనే. పిల్లులకి భయంతోనే షుగర్ పెరిగిపోతుందట, అందుకే ఇంట్లో చూడమన్నారు డాక్టరుగారు. రోజుకి రెండు సూదులు, ఎక్కడ మరీ పడిపోతుందోనని నాకు టెన్షన్.

ఇప్పుడు గ్లూకోమీటరు డబ్బా జిప్పు చప్పుడైతే చాలు, ఉడికించిన కోడిముక్క కోసం వాడే వచ్చి ఒళ్ళో కూర్చుంటున్నాడు. నా బంగారం.