రాతి పలక

వెంట్రీ బీచ్ దగ్గర నడక మొదలుపెట్టేసరికి తుంపర పడుతోంది. ఐర్లండ్ పశ్చిమ కొసన, కెర్రీ కౌంటీలోని డింగిల్ ద్వీపకల్పం అది. అక్కడి నుంచి బ్రాండన్ కొండ పాదం వరకు సుమారు 18 కిలోమీటర్ల పాత యాత్రా బాట ఉంది. దాని ఐరిష్ పేరుకు 'పరిశుద్ధుల దారి' అని అర్థం. 6వ శతాబ్దపు సన్యాసి బ్రెండన్ పేరు మీద భక్తులు ఆ కొండ ఎక్కేవారు. దూరం నుంచి వచ్చేవాళ్లు పడవల్లో ఈ వెంట్రీలోనే దిగేవారని చెబుతారు.

చిన్నప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని గుణదల కొండ ఎక్కినదాన్ని. అక్కడ జనం, కొవ్వొత్తులు, పాటలు. ఇక్కడ గొర్రెలు, రాతి గోడలు, గాలి. అయినా నడుస్తుంటే నోటికి వచ్చింది అమ్మమ్మ నేర్పిన జపమాలే.

గల్లారస్ చేరేసరికి వాన పెద్దదైంది. బోర్లించిన పడవలా ఉండే చిన్న ప్రార్థనాలయం. రాయి మీద రాయి పేర్చి, ఒక్కో వరసనూ కాస్త లోపలికి జరుపుతూ పోయి, పైన రెండు గోడలనూ కలిపేశారు. నీళ్లు లోపలికి రాకుండా రాళ్లను కొంచెం బయటికి వాలుగా పెట్టారు. ఇది 8వ శతాబ్దానిదని కొందరు, 12వ శతాబ్దానిదని కొందరు అంటారు. తల వంచి పడమటి గుమ్మంలోంచి లోపలికి వెళ్లాను. బయట అంత వాన, లోపల నేల పొడిగా ఉంది. తూర్పున ఉన్నది ఒక్కటే చిన్న కిటికీ. ఆ వెలుగులో చాలాసేపు మోకరించాను.

అక్కడికి దగ్గర్లోనే కిల్మల్కెడార్. 12వ శతాబ్దపు గుడి, ఇప్పుడు పైకప్పు లేదు. ఆవరణలో పైన రంధ్రమున్న, ఓగమ్ అనే పాత ఐరిష్ లిపి చెక్కిన రాయి నిలబడి ఉంది. ఓగమ్‌లో అక్షరాలంటే రాతి అంచు వెంట చెక్కిన గీతలే. ఫలానావాడు, ఫలానావాడి కొడుకు అని దాని మీద ఉన్నది ఒక పేరు, అంతే.

గుడి లోపలి రాయి దగ్గర మాత్రం నా కాళ్లు కదల్లేదు. దాని మీద లాటిన్ అక్షరమాల వరసగా చెక్కి ఉంది. పక్కన 'ప్రభువు' అనే మాటకు లాటిన్ పొట్టి రూపం. చదువు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల కోసం చెక్కి ఉంటారని అంటారు. ఓనమాలూ దేవుడి పేరూ ఒకే రాతి మీద.

మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు. యాభై దాటాక, బైబిల్ తన కళ్లతో తానే చదువుకోవాలని పలక పట్టింది. అది మామయ్య కూతురు వాడి వదిలేసిన పలక, ఒక మూల విరిగింది. వంట పని అయ్యాక అరుగు మీద కూర్చుని దిద్దేది. 'ఋ' దగ్గరికి వచ్చేసరికి వేళ్లు నొప్పి పుట్టేవట. మత్తయి సువార్త మొదట్లోని వంశావళి చదివి ముగించిన రోజు మా అందరికీ పరమాన్నం వండిపెట్టింది. అన్ని కష్టమైన పేర్లు, ఒక్కటీ వదల్లేదు.

వానకి తడిసిన ఆ అక్షరాల మీద నేనూ వేలు పెట్టాలనుకున్నాను. అరిగిపోతాయేమోనని ఊరుకున్నాను.

బ్రాండన్ కొండ పాదం చేరేసరికి సాయంత్రం ఐదైంది. 952 మీటర్ల కొండ, సగం నుంచి పైకి మబ్బు. ఎక్కే ధైర్యం చేయలేదు. దారి వెంట తెల్ల సిలువలు ఒకదాని తర్వాత ఒకటి మబ్బులోకి వెళ్లిపోతున్నాయి. అక్కడే రాయి మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను, అమ్మమ్మ పలక ఇంకా ఉందా అని.

"అటక మీద ఉండాలి, రేపు చూస్తాలే" అంది.