ఎనభై లక్షల్లో మన పల్నాటి రాళ్లు

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకి టికెట్ లేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. అక్కడి శాశ్వత సేకరణలో సుమారు 80 లక్షల వస్తువులున్నాయి. గ్యాలరీల్లో మనకు కనిపించేవి దాదాపు 80 వేలు, అంటే నూటికి ఒకటి. గ్రేట్ కోర్ట్ అద్దాల పైకప్పు కింద నిలబడి మా అమ్మాయి ఫోన్లో లెక్కేసింది. ఒక్కోదాని ముందు ఒక్క నిమిషం చొప్పున, రోజూ పది నుంచి ఐదు దాకా చూసినా, బయట పెట్టినవాటికే ఆరు నెలలు దాటుతుంది. స్టోర్లలో ఉన్నవీ కలిపితే యాభై ఏళ్లు!

"అన్నీ అవ్వవు గానీ, ముందు మన అమరావతి చూసేద్దాం పద నాన్నా" అంది.

ఇదంతా హాన్స్ స్లోన్ అనే డాక్టరు పోగుచేసిన 71 వేల పైచిలుకు వస్తువులతో 1753లో మొదలైంది. తర్వాత జంతువుల, మొక్కల నమూనాలు వేరే మ్యూజియంకి వెళ్లిపోయాయి, పుస్తకాలు బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లాయి. అయినా ఇంత మిగిలింది. అన్నీ విగ్రహాలూ కిరీటాలూ అనుకోకండి. నాణేలు, పతకాలే లక్షల్లో ఉన్నాయి. తవ్వకాల్లో దొరికిన రాతి పనిముట్టు, కుండ పెంకు కూడా లెక్కలోకి వస్తాయి. నాకైతే ఆ పెంకుల మీదే గౌరవం కలిగింది. వాటిని చూడ్డానికి ఎవరూ క్యూ కట్టరు, కానీ పరిశోధన చేసేవాళ్లకి అవే ఆధారం.

అమరావతి బౌద్ధ స్తూపం నుంచి వచ్చిన శిల్పాలు 33ఏ గదిలో ఉన్నాయి. మ్యూజియం దగ్గరున్నవి సుమారు 120. అన్నీ పల్నాటి సున్నపురాయి. గుంటూరువాణ్ణి కదా, ఆ తెలుపు చూడగానే గుండె ఝల్లుమంది. రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది, దాని దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. క్రీస్తుపూర్వం చెక్కిన వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడి రూపం లేదు, ఆసనమే ఆయన. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు స్తూపాన్నే చెక్కారు. ప్రాకారం, సింహాలు, అండం (స్తూపం గుమ్మటం), అన్నీ ఉన్నాయి. ఈ రోజు అమరావతి వెళ్తే కనిపించేది ఎత్తు తగ్గిన దిబ్బ. నిండుగా ఉన్నప్పుడు మన స్తూపం ఎలా ఉండేదో తెలియాలంటే ఇలాంటి పలకలే దిక్కు.

1798లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ ఆ దిబ్బని చూశాడు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు చేర్చాడు. 1859లో అవి ఓడెక్కి లండన్ వచ్చాయి, 1880లో ఈ మ్యూజియం చేతికి అందాయి. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం సేకరణలోకి చేరిన వస్తువుని మ్యూజియం వదులుకోవడం చాలా అరుదు. ఈ రాళ్లు కృష్ణ ఒడ్డునే ఉండాల్సింది అని నా గట్టి అభిప్రాయం. శ్రద్ధగా కాపాడుతున్నారన్నది కూడా నిజమే. అయినా ఆ అభిప్రాయం మారలేదు.

వెళ్లేవాళ్లకి ఒక మాట. అందరూ రోసెట్టా రాయి (ఈజిప్టు నుంచి వచ్చిన ప్రఖ్యాత శాసనం) వైపు పరిగెడతారు, మీరు పొద్దున్నే నేరుగా 33ఏకి వెళ్లండి. వెళ్లేముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో అమరావతి అని వెతికితే ఒక్కో పలక వివరమూ ఫొటోతో సహా దొరుకుతుంది. ఇదే స్తూపం రాళ్లు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ చాలా ఉన్నాయి. ఈ సంక్రాంతి సెలవుల్లో అక్కడికే మా ప్రయాణం.