అరవై రోజుల లెక్క

మే 20, 2025, మంగళవారం, రాత్రి

పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసిన న్యాయశాస్త్రం ఇదీ: వేళ్ల కణుపుల మీద రోజులు లెక్కపెట్టాను, పదకొండు ఫోన్లు చేశాను, జిరాక్సు మిషన్‌లో ఇరుక్కున్న కాగితం మూడుసార్లు బయటికి లాగాను. ఆ లెక్క కూడా తప్పింది.

ఇంటర్న్‌షిప్‌లో ఇది రెండో వారం. ఐదేళ్ల కోర్సు వాళ్లకి మొత్తం మీద కనీసం 20 వారాలు ఉండాలని బార్ కౌన్సిల్ రూలు. మా బ్యాచ్‌లో చాలామంది హైదరాబాద్ ఏసీ గదుల్లో కాంట్రాక్టులు చదువుతున్నారు. నేను మా జిల్లా కోర్టు ఆవరణలో, లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో చేరాను. ఆ మాట చెబితే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "కేసు పెట్టేదీ ప్రభుత్వమే, లాయర్ని ఇచ్చేదీ ప్రభుత్వమేనా?" అవును నాన్నా, అంతే. కోర్టులో ప్రభుత్వం తరఫున ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు నిలబడతారు. లాయర్ని పెట్టుకోలేని ముద్దాయి తరఫున మా వాళ్లు నిలబడతారు. ఇదివరకు ప్యానెల్ లాయర్లకి ఒక్కో కేసు అప్పగించేవారు. 2022లో నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) తెచ్చిన స్కీముతో ఇలా పూర్తికాలం ఆఫీసులు వచ్చాయి. ఇందులో చేరినవాళ్లు బయటి కేసులు పట్టుకోకూడదు. పైన చీఫ్ సార్, ఆయన కింద డిప్యూటీ, ఆ కింద అసిస్టెంట్ మేడం. మేడం ప్రాక్టీసుకి ఇంకా మూడేళ్లు నిండలేదు. నాకు పని చెప్పేది ఆవిడే.

సివిల్ కోర్టులకి వేసవి సెలవులు కాబట్టి ఆవరణ సగం ఖాళీ. మేజిస్ట్రేట్ కోర్టు దగ్గర మాత్రం రోజూ ఉండే సందడే. రిమాండ్లు ఎండాకాలం అని ఆగవు కదా.

పదిన్నరకి మేడం ఒక కట్ట నా ముందు పెట్టి, "దీనికి డీఫాల్ట్ బెయిల్ ఎప్పుడు పడుతుందో చూడు" అన్నారు. ఇంట్లో దొంగతనం కేసు. కుర్రాడికి ఇరవై ఏళ్లు. మార్చి 23 సాయంత్రం అరెస్టు, 24న రిమాండ్. ఈ సెక్షన్‌కి గరిష్ఠంగా ఏడేళ్లు శిక్ష కాబట్టి పోలీసులు 60 రోజుల్లో ఛార్జిషీట్ వేయాలి. వేయకపోతే బెయిల్ అడిగే హక్కు ముద్దాయికి వస్తుంది, అదే డీఫాల్ట్ బెయిల్. పదేళ్లు, ఆపైన శిక్షపడే కేసులైతే 90 రోజులు. ఇదంతా నాకు నోటికొచ్చు. సెక్షన్ నంబరు కూడా కొత్తదే, 187(3), ఠక్కున చెప్పాను. చీఫ్ సార్ ఫైల్లోంచి తలెత్తకుండా "వన్ సిక్స్టీ సెవెన్ టూ" అన్నారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్ఎస్ఎస్ అమల్లోకి వచ్చి ఏడాది కావస్తున్నా ఈ కోర్టులో నోటిమాటకి పాత నంబర్లే. కాగితం మీద మాత్రం కొత్తవి రాయాలి, లేదంటే కోర్టు ఆఫీసు రిటర్న్ చేస్తుంది.

నేను మొదటి రోజు వదిలేసి 25 నుంచి లెక్కపెట్టాను. మే 23కి అరవై నిండుతాయి, 24న పిటిషన్ అని పెన్సిల్‌తో రాశాను. మేడం చూసి, "రిమాండ్ రోజు కలిపావా?" అన్నారు. కలపలేదు. మామూలుగా లెక్కల్లో మొదటి రోజు వదిలేస్తారు కదా, అదే ధోరణిలో పోయాను. డీఫాల్ట్ బెయిల్‌కి అలా కాదు, రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కలోకి వస్తుందని 2023లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి తేల్చింది. అంటే 22కే అరవై. 23న, శుక్రవారం, కోర్టు తెరవగానే పిటిషన్ పడాలి. మనం శనివారం వరకు ఆగి, ఈలోపు శుక్రవారం సాయంత్రం పోలీసులు ఛార్జిషీట్ పెట్టేశారంటే ఆ హక్కు పోయినట్టే. మళ్లీ మామూలు బెయిల్ దారిలో మొదటినుంచి నడవాలి.

మేడం కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. ఎరేజర్ నా వైపు జరిపి వేరే కట్ట తీసుకున్నారు. పరీక్షలో ఇదే తప్పు చేస్తే మహా అయితే రెండు మార్కులు పోయేవి.

మధ్యాహ్నం ఆ కుర్రాడి అమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పింది. కొంగు ముడి విప్పి మడతపెట్టిన నోట్లు టేబుల్ మీద పెట్టింది. మేడం వెనక్కి ఇచ్చేశారు. ఆమె తీసుకోలేదు. "ఉంచు తల్లీ, తర్వాత ఇంకొంచెం తెస్తాను" అంటుంది. జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరు వస్తారని, 1987 చట్టంలో 12వ సెక్షన్ అని నేను మొదలుపెట్టబోయాను. మేడం కళ్లతోనే ఆపారు. ఆమె నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఊరికే వచ్చే లాయరు పట్టించుకోరంట కదా లాయరమ్మా, అందరూ అంటున్నారు" అంది. నేనింకా లాయర్ని కాదని చెప్పాలో, పట్టించుకుంటారని చెప్పాలో తెలియలేదు. అప్పటికి నా పెన్సిల్ లెక్క చెరిపి రెండు గంటలే అయింది మరి.

మేడం ఆ నోట్లు ఆమె కొంగులోనే మళ్లీ ముడి వేసి, "శుక్రవారం పదింటికల్లా ఇక్కడుండు పెద్దమ్మా. ఇద్దరు జామీనుదార్లని వెతికిపెట్టుకో" అన్నారు. ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఏవేవి తేవాలో కాగితం మీద రాసిచ్చారు. చదవడం రాదని ఆమె చెప్పాక, రెండుసార్లు చెప్పించుకుని ఒప్పజెప్పించారు.

ఆ పదకొండు ఫోన్లూ ఇంకో కేసు కోసం. బెయిలొచ్చి నలభై రోజులు దాటింది, మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. పొరుగు రాష్ట్రం నుంచి మేస్త్రీ పనికొచ్చినవాడు. ఆర్డర్లో పదేసి వేలకి ఇద్దరు జామీనుదార్లు అని ఉంది. ఇక్కడ అతని కోసం సంతకం పెట్టేదెవరు? బెయిల్ వచ్చిన వారంలో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థ సెక్రటరీకి తెలియజేయాలని, నెల దాటితే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కేసులో ఆ కబురు ఎక్కడో ఆగిపోయింది. మా దాకా వచ్చింది నిన్న. అదీ మేడం జైలు విజిట్‌కి వెళ్లినప్పుడు అతనే నోరు తెరిచి అడిగితే. ఎవరిని తిట్టుకోవాలో తెలియని కోపం వచ్చింది నాకు. మేడం మాత్రం షరతు సడలించమని పిటిషన్ డిక్టేట్ చేస్తూ, "ఒక పక్క వాళ్ల అన్నని కూడా వెతుకు" అన్నారు.

అన్న నంబరు స్విచ్చాఫ్. అతనిచ్చిన రెండో నంబరు ఊళ్లో కిరాణా కొట్టుది. అక్కడినుంచి ఇంకొకరు, అక్కడినుంచి మరొకరు. నా హిందీ అంతంతమాత్రం. "జమానత్" (బెయిల్) అన్న మాట పట్టుకుని నెట్టుకొచ్చాను. ఆఫీసు ఫోను పనిచేయక నా సెల్ నుంచే చేశాను. తెలిసి మేడం దానికి మాత్రం గట్టిగానే కేకలేశారు. సొంత నంబరు ఎవరికీ ఇవ్వొద్దట.

తొమ్మిదింపావుకి అన్నం తింటుంటే ఆ నంబర్లలో ఒకటి మోగింది. అన్నే. తమ్ముడు ఎప్పుడో బయటికొచ్చి ఇంకెక్కడో పనిలో చేరి ఉంటాడని ఇన్నాళ్లూ అనుకున్నాడట. ఎల్లుండి రైలెక్కుతానన్నాడు. పొలం కాగితాలు తనకి ఊళ్లో ఉన్నాయి, అవి మీ కోర్టులో చెల్లుతాయా అని అడిగాడు. పొద్దున కనుక్కుని చెబుతానన్నాను. చేతిపుస్తకంలో రాసుకున్నాను, మేడంని అడగాల్సినవాటిలో మొదట అదే. రెండోది, ఈ ఫోను ఎలా వచ్చిందో ఆవిడకి ఎలా చెప్పాలన్నది.