పిట్యూటరీ గడ్డ, ఫ్రీజర్ తాళం

మెదడు అడుగున హార్మోన్లు తయారుచేసే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉన్నవాళ్ల పేగుల్లో ఎలాంటి బ్యాక్టీరియా ఉంటుందో చూసే పరిశోధనకు మోషన్ శాంపిల్ ఇచ్చి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను.

పీరియడ్స్ ఆగడం, ప్రొలాక్టిన్ (పిట్యూటరీ నుంచి వచ్చే, పాలు పడేలా చేసే హార్మోన్) పరీక్ష, ఎమ్మారై, పది మిల్లీమీటర్ల లోపు గడ్డ అని తేలడం చకచకా అయిపోయాయి. క్యాన్సర్ కాదు. వారానికి రెండుసార్లు కాబర్గోలిన్ మాత్ర రాశారు. రాత్రి తిన్నాక వేసుకోండి, ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పేస్తుంది.

పరిశోధన సంగతి ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టర్ మేడమ్ ఓపికగా చెప్పారు. మనం తిన్న పీచుని పేగుల్లోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి చిన్న ఆమ్లాలు తయారుచేస్తుంది. అవి రోగనిరోధక కణాల మీదా, కణాల్లో ఏ జన్యువు పనిచేయాలన్న దాని మీదా ప్రభావం చూపుతాయి. బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకల్ని కదలకుండా బంధిస్తే పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ అనే ఒత్తిడి హార్మోన్ మామూలు ఎలుకల కన్నా ఎక్కువగా వచ్చిందని 2004లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారట. "మరి బ్యాక్టీరియా వల్ల గడ్డ వచ్చిందా, గడ్డ హార్మోన్ల వల్ల బ్యాక్టీరియా మారిందా?" అని అడిగాను. "అదే ఇంకా తేలలేదమ్మా, మంచి ప్రశ్న" అన్నారు. ఆ మాత్రం తెలివి నాకుంది మరి.

ఇక కౌంటర్. శాంపిల్ తీసిన వెంటనే ఐసులో పెట్టి తెమ్మన్నారు, ఆలస్యమైతే డబ్బాలోనే బ్యాక్టీరియా పెరిగి లెక్క మారిపోతుంది. ఎండలో ఆటోలో ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. లైన్లో నా వెనక కాలేజీ కుర్రాళ్లు. కౌంటర్లో అతను తలెత్తకుండా, "మోషన్ డబ్బా ఎవరిదమ్మా? మీదేనా? యాంటీబయాటిక్స్ వాడారా? విరేచనాలున్నాయా? గట్టిగా చెప్పండి!" హాలంతా నావైపు తిరిగింది. చెప్పాను. అంతా రాసుకుని, "ఫ్రీజర్ తాళం సార్ దగ్గరుంది, సార్ రాలేదు, కూర్చోండి" అన్నాడు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ కొన్నవాళ్లకి రెండో తాళంచెవి చేయించడం రాలేదు! ఐసు నీళ్లై చీర తడిసింది. ఇంకోచోట ఇస్తానంటే "రూల్ లేదు" అన్నాడు. చివరికి రీసెర్చ్ చేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చి సారీ చెప్పి డబ్బా అందుకుంది. ఆ పిల్ల బంగారం. మీరు వెళ్తే ముందే అలాంటివాళ్ల ఫోన్ నంబరు తీసుకోండి, కౌంటర్ని నమ్ముకోకండి. ఐసు రెండింతలు పెట్టుకోండి.

ఇదంతా విని మా వదిన ప్రొబయాటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూల్స్ పంపింది, "పేగులు బాగుపడితే గడ్డ కరిగిపోతుందట" అని. గడ్డను కుదించేది కాబర్గోలిన్. పెరుగన్నం నేనెలాగూ తింటాను. ఎలుకల మీద తేలినదాన్ని మనుషులకి మందంటూ అమ్ముకునేవాళ్లకి సిగ్గుండాలి.

రిపోర్టు మన చేతికివ్వరు, పరిశోధన కోసం మాత్రమేనట. మందు వాడుతుండగా ఇంకో శాంపిల్ అడిగారు. ఇస్తాను, ఆ అమ్మాయి చేతికే.