స్మోక్ పాయింట్ నా పరువు తీసిన వారం

నిన్న సాయంత్రం తేలింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

పని చూడ్డానికి చిన్నదే. విమాన ఇంధనం ఏ ఎత్తు మంట దగ్గర పొగ కక్కుతుందో కొలవాలి, ఆ ఎత్తే స్మోక్ పాయింట్. చిన్న దీపంలో 20 మి.లీ. పోసి వెలిగించి, పొగ తోక లేచేదాకా మంట పెంచి, ఆ తోక మాయమయ్యేదాకా తగ్గించి, ఎత్తు రాసుకోవడం. ఎత్తు ఎక్కువైతే మసి తక్కువన్నమాట. జెట్ ఏ-1 అనే విమాన ఇంధనానికి కనీసం 25 మి.మీ. ఉండాలి, మసి ఎక్కువ పుట్టించే నాఫ్తలీన్లు 3 శాతం దాటకపోతే 18 ఉన్నా ఒప్పుకుంటారు.

దీపం బిగించడం ఒక పూటలో అయిపోయింది. దీన్ని సరిచూడ్డానికి కావాల్సిన టోలుయిన్ అనే ద్రావకం సీసాకి స్టోర్స్‌లో మూడు సంతకాలు అడిగారు, అది వేరే ఏడుపు.

అసలు శాంపిల్ ముట్టుకునే ముందు తెలిసిన మిశ్రమంతో దీపాన్ని సరిచూడాలి. ఐసో ఆక్టేన్ అనే పారఫిన్‌లో (బెంజీన్ వలయం లేని హైడ్రోకార్బన్) 20 శాతం టోలుయిన్ కలిపితే 22.7 మి.మీ. రావాలి. నాకు 19. మళ్లీ 18.5. మళ్లీ 19. ఏసీ ఆపాను, ఫ్యాన్ ఆపాను, చెమటలు కారుతుంటే కూర్చున్నా. అదే 19. మూడో రోజు సార్ వచ్చి జూనియర్లందరి ముందు, "ఏమ్మా, ఎప్పుడూ లాంతరు వెలిగించలేదా?" అన్నారు. వాళ్ల కిసుకిసలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. కరెంటు పోయిన రాత్రుల్లో మా ఇంట్లో లాంతరు చిమ్నీ తుడిచింది నేనే, సార్‌కేం తెలుసు!

రాత్రి పడుకున్నాక తట్టింది. నా కన్ను తప్పయితే లెక్క అటూ ఇటూ ఊగాలి కదా, ఎప్పుడూ కిందికే ఎందుకు పోతోంది? వత్తిని ముందు టోలుయిన్, మిథనాల్ కలిపి కడుగుతాం. "గాలికి ఆరితే చాలు, ఓవెన్ ఎందుకు" అన్నాడు మా సీనియర్. నమ్మాను. వత్తిలో మిగిలిన టోలుయినే పొగ కక్కింది. పారఫిన్ అయితే ముందు ముక్కలై, ఎసిటిలీన్ లాంటివి పుట్టి, అవి కలిసి కార్బన్ అణువుల వలయం కట్టుకోవాలి. టోలుయిన్‌లో బెంజీన్ వలయం సిద్ధంగానే ఉంటుంది. దాని పక్కన ఇంకో వలయం, ఇంకో వలయం పెరుగుతూ పోతే మసే. పోయిన నెల సెమినార్‌లో ఇదే బోర్డు మీద గీసి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని!

వత్తిని 105 డిగ్రీల ఓవెన్‌లో అరగంట పెట్టాను. 22.5, 23, 22.5. వత్తిని మాత్రం ఎవరి మాటా విని గాలికి ఆరేయకండి, ముఖ్యంగా సీనియర్ల మాట.

సార్ చూసి "ఊఁ" అని సంతకం పెట్టారు. ఆ పూట జూనియర్లు ఒక్కరూ ల్యాబ్‌లో లేరు.