రాత్రిపూట మేత

"అక్కా, గుర్రానికి రాత్రిపూట మేత వేయనక్కరలేదు కదా?" అని తమ్ముడు ఫోనులో అడిగిన ప్రశ్న నిద్రపోనివ్వడం లేదు. వచ్చే నెలలో గుర్రాన్ని కొంటానంటున్నాడు. ఆరు నెలలుగా స్వారీ నేర్చుకుంటూ, చిన్న చిన్న అడ్డంకులను కూడా దూకిస్తున్నవాడు అడగవలసిన ప్రశ్నేనా ఇది? అంత పెద్ద దేహానికి గుర్రం కడుపులో పట్టేది 8 నుంచి 15 లీటర్లే. మేత ఉన్నా లేకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది కనుక, స్వేచ్ఛగా వదిలిన గుర్రం రోజుకు 16 గంటల వరకు కొద్దికొద్దిగా మేస్తూనే గడుపుతుంది. రాత్రంతా ఖాళీ కడుపుతో నిలబెడితే లోపల పుండ్లు పడతాయి.

వాడు వెళ్ళేచోట గుర్రానికి జీను కట్టి సిద్ధంగా తెచ్చి నిలబెడతారట, గంట కాగానే పగ్గాలు అందుకొని తీసుకుపోతారట. ఆ గుర్రం ఎక్కడ పడుకుంటుందో వాడు ఈ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు. డెక్క ఎత్తలేదు, నీళ్ళ తొట్టి కడగలేదు. ఇంత డబ్బు తీసుకొని, ఇంత కాలం తీసుకొని, గుర్రానికి ఆకలి ఎలా వేస్తుందో చెప్పకుండా పంపించడం నాకు క్షమించరానిదిగా తోస్తోంది.

నాకు నేర్పిన గురువుగారు మొదటి రెండు వారాలు జీను ముట్టనివ్వలేదు. మొదట ముడి నేర్పారు. బెదిరిన గుర్రం వెనక్కి లాగినప్పుడు, మనం తాడు కొస పట్టి లాగగానే విడిపోయే ముడి అది. అజ్ఞాతవాసంలో గుర్రాలను చూసుకోవడానికి కుదిరిన నకులుడు దామగ్రంథి అని పేరెందుకు పెట్టుకున్నాడో, అంటే తాడుముడి అని ఎందుకు పిలిపించుకున్నాడో, ఆ రోజు నాకు తెలిసినట్లనిపించింది.

ఒక సాయంత్రం నేను స్వారీకి వెళ్ళేసరికి ముసలి ఆడగుర్రం ముందుకాలితో నేలను గీరుతూ, మాటిమాటికి తన డొక్కవైపు తిరిగి చూసుకుంటోంది. ఎండుగడ్డి ముట్టలేదు. గురువుగారు నన్ను పిలిచి డొక్కకు చెవి ఆనించమన్నారు. ఎప్పుడూ గుడగుడమనే చోట ఏ చప్పుడూ లేదు. దవడ కింద నాడి పట్టించి లెక్కపెట్టమంటే నిమిషానికి 64 వచ్చింది; నిలకడగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 ఉండాలి. గుర్రం వాంతి చేసుకోలేదని, కడుపులో చేరింది ముందుకు కదలవలసిందే తప్ప వెనక్కి రాదని నాకు ఆ పూటే తెలిసింది. పశువైద్యుడు వచ్చి మందు ఇచ్చి వెళ్ళాక మేమిద్దరం లాంతరు పెట్టుకొని కూర్చున్నాం. తెల్లవారుజామున అది లద్దె వేసినప్పుడు గురువుగారు కళ్ళు తుడుచుకున్నారు.

ఇక్కడివరకు రాసి చదువుకుంటే, తమ్ముణ్ణి అన్యాయంగా నిందిస్తున్నానేమో అనిపిస్తోంది. వాడు అడిగాడు. అడగకుండానే కొనేవారు ఉన్నారు. మొదటి రోజే గుర్రం ఎక్కించే బడి మంచిది కాదని నేను ఇన్నేళ్ళుగా వాదిస్తున్న మాట కూడా నిలిచేది కాదు, ఎందుకంటే మా చిన్నదాన్ని మొదటి రోజే ఎక్కించారు. అయితే పగ్గాలు చేతికివ్వలేదు. గురువు మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని చుట్టూ నడిపించారు. కూర్చోవడం కుదరనివారు పగ్గాలు పట్టుకొని వేలాడితే గుర్రం నోరు నొప్పి పుడుతుందని ముందే చెప్పారు. దిగాక జీను పట్టీ వదులు చేసి, ఊపిరి నెమ్మదించేదాకా గుర్రాన్ని నడిపించే పని చిన్నదానిదే. ఈ రోజు అది నాలుగు డెక్కలూ తానే ఎత్తి, మడమ నుంచి కొసవైపుకు గీకి శుభ్రం చేసింది. కాబట్టి ఎప్పుడు ఎక్కించారన్నది కాదు, ఎక్కడానికి ముందు అరగంట, దిగిన తరువాత అరగంట ఎవరి చేతిలో ఉన్నాయన్నది చూడాలి. తమ్ముడికి ఆ రెండు అరగంటలూ ఎవరూ ఇవ్వలేదు.

గుర్రం 25 ఏళ్ళు, ఒక్కోసారి 30 ఏళ్ళు కూడా బతుకుతుంది. కొనవద్దని రేపు వాడితో చెప్పను. చిన్నది వెళ్ళే శాలలో ఒక నెలపాటు సాయంత్రం మేత వేసే పని వాడికి ఇవ్వమని అడుగుతాను. ప్రతి తెల్లవారీ వెళ్ళి, తొట్టిలో నీళ్ళు ఎంత తగ్గాయో, గడ్డి ఎంత మిగిలిందో, లద్దె ఎన్ని కుప్పలుందో చూసి నాకు ఫోను చేయమంటాను.